కిరాయి లేని గది

తాళంచెవి నేను తీసుకోలేదమ్మా. అది ఇంకా పరమేశ్వర్ అన్న ఆటోలో, ముందర డబ్బాలోనే ఉంది. నువ్వు అడగలేదని నాకు తెలుసు. ఏ తాళమో, దేని చెవో కూడా నీకు తెలియదు. కానీ ఆదివారం నుంచి ఎవరు ఎదురుపడ్డా ఇదే మాట నోటిదాకా వచ్చి ఆగుతుంది. అందుకే ముందుగాల నీకు చెప్పేసిన.

ఇక్కడ నేను, నాయనమ్మ మంచిగనే ఉన్నం. అక్కడ నీ పానం కూడా మంచిగ ఉన్నదనే అనుకుంటున్న. మస్కట్‌లో ఎండలు అప్పుడే మొదలైనయా? వాయిస్ పెడితే మీ మేడం ముందర మోగుతదని వద్దన్నవ్ కదా, అందుకని టైపు చేస్తున్న. శానా పెద్దగ వచ్చేటట్టు ఉంది. శుక్రవారం నీకు ఖాళీ దొరికినప్పుడు కూర్చొని మెల్లగ చదువు. ఫోన్‌లో అయితే నాకు మాట రాదు. నువ్వు హలో అనంగనే తిన్న, పండుకుంట, పెట్టేస్తున్న అంట. అయిపోతది.

నువ్వు అడిగినయి ఒక్కొక్కటి చెప్త. నాయనమ్మ మోకాళ్లు పొద్దున లేవంగనే పట్టేస్తున్నయి, ఎండ పడ్డంక కొంచెం నయం. గోలీలు వేసుకున్న అంటది కానీ తర్వాత అవే గోలీలు దిండు కింద దొరుకుతున్నయి. ఇప్పుడు నేను ముందర నిలబడి మింగిస్తున్న. చెవులు ఇంకా తగ్గినయి. టీవీ సౌండు మొత్తం పెంచుకొని కూడా, వార్తలు చదివే పిల్లకు గొంతు లేదని తిడుతది. నేను పనికి పోతున్న. కోహెడ దిక్కు ఒక పెద్ద బిల్డింగుకు సెంట్రింగ్ నడుస్తుంది. ఇంతకుముందు కర్రలు, రేకులు అందించుడే ఉండె, ఇప్పుడు స్లాబు కింద రేకులు కూడా నన్నే బిగించమంటున్నరు. అన్నం తింటున్న. సన్నబడ్డవ్ అన్నవ్ కదా, అది ఫోటో అట్ల వచ్చింది.

ఆదివారాలు పనికి ఎందుకు పోతలేవు, ఏదో గది కడుతున్నవంట, ఓనర్ సారు ఫోన్ చేసి కోపం చేసిండు అని రాసినవ్. అవ్ అమ్మా, నిజమే. గది కట్టినం. అయిపోయింది కూడా. దాని సంగతి నీకు మొదటి నుంచి చెప్త. ఆదివారం నుంచి శ్యామల ఫోన్ ఎందుకు ఎత్తుతలేదు, పానం మంచిగ లేదా అని కూడా అడిగినవ్. ఆమె మంచిగనే ఉంది. ఎందుకు ఎత్తుతలేదో మాత్రం ఆఖరుకు చెప్త. అప్పటిదాకా ఆగు.

సామ్యేలు మామ పోయిన సంగతి నీకు తెలుసు. కానీ ఆ రోజు జరిగింది మొత్తం నీకు ఎవరూ చెప్పలేదు, నేను అసలే చెప్పలేదు. మన ముందు పోర్షన్‌లోనే కదా ఆయన, శ్యామలత్త ఉండేది, ఆయన దగ్గితే గోడ ఇవతల మనకు వినపడేది. నేను బడి మానేసి ఊరికే తిరుగుతుంటే, నన్ను బండి మీద ఎక్కించుకొని సెంట్రింగ్ పనికి తీసుకపోయింది ఆయననే. నువ్వు మస్కట్ పోయినంక శ్యామలత్త మన పొయ్యి కూడా చూసుకునేది. నాయనమ్మకు పండ్లు లేవని మెత్తగ ఉడికిన కూర వేరే తీసి పెట్టేది.

పోయిన వానకాలం, గుండెల నొప్పి లేచిందని పొద్దున మామను పట్నం దవాఖానకు తీసుకపోయిన్రు. మధ్యాహ్నానికి లేడు. అంబులెన్స్‌లో ఇంటికి తెచ్చేసరికి గేటుకు తాళం ఉంది. ఓనర్ దయాకర్ సారు ఉండేది మీర్‌పేట్‌లో కదా, శ్యామలత్త తమ్ముడు ఆయనకు ఫోన్ చేసిండు. సారు దాచిపెట్టలేదు. నేనే వచ్చి వేసి పోయిన అన్నడు. ఫోన్ స్పీకరులో పెట్టి ఉంటే అందరూ విన్నరు.

“ఇంట్లకు శవాన్ని తెస్తే రేపు ఎవడు దిగుతడు కిరాయికి? మీరు ఖాళీ చేసి పోతరు. మైల పట్టిన ఇల్లు నాకు మిగులుతది.”

తాళం పగలగొడదాం అన్నరు కొందరు. శ్యామలత్త వద్దన్నది. బతికినన్ని రోజులు ఆయన ఎవరితో లొల్లి పెట్టుకోలేదు, పోయే రోజు లొల్లి వద్దు అన్నది. ఇంక ఏం చేస్తరు? మామను దించి పంక్చర్ షాపు ముందర బల్ల మీద పండబెట్టిన్రు. అప్పుడే వాన మొదలైంది. షాపాయన లోపలి నుంచి పాత ఫ్లెక్సీ ఒకటి తెచ్చి ఇచ్చిండు. ఏదో వెంచర్‌ది, దాని మీద పెద్ద ఇల్లు, ముందర పచ్చగడ్డి బొమ్మ ఉండె. నలుగురం నాలుగు మూలల పట్టుకొని ఆయన మీద కప్పు లెక్క నిలబడ్డం. పాస్టరు తడుసుకుంటనే ప్రార్థన చేసిండు. ఎంత గుంజి పట్టుకున్నా కాళ్ల దిక్కు నీళ్లు పడుతనే ఉన్నయి. శ్యామలత్త కొంగుతో ఆ కాళ్లు తుడుస్తది, అవి మళ్లా తడుస్తయి, మళ్లా తుడుస్తది. చేతులు నొచ్చినోళ్లు మారుతున్నరు. నేను మారలేదు. వాన తగ్గి మామను తీసుకపోయేదాకా నా మూల నేనే పట్టుకున్న. అది అందరూ చూసిన్రు.

తర్వాతి ఆదివారం పరమేశ్వర్ అన్న టీ కొట్టు కాడ అందరినీ కూడగట్టిండు. ఆయన ఆటో నడుపుతడు, మన వెనక గల్లీలోనే కిరాయికి ఉంటడు. శానా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం చాయ్ పక్కన పెట్టి నిలబడి మాట్లాడిండు.

“మనయన్నీ కిరాయి బతుకులే. మొన్న సామ్యేలు, రేపు నా ఇంట్ల ఎవలన్న. ఎవల గేటు ముందట ఎవలం అడుక్కునుడు వద్దు. మనదే ఒక గది కట్టుకుందాం.”

శ్మశానం పోయే తొవ్వలో పాత మోటారు గది ఉంది కదా, బోరు ఎండిపోయినంక వదిలేసింది. కప్పు కూలి, లోపల తుమ్మ చెట్లు మొలిచి ఉండె. అడగవలసిన వాళ్లను అడిగి పరమేశ్వర్ అన్న ఆ జాగ ఇప్పించిండు. మా కట్టుబాటు ఏందంటే, కిరాయికి ఉండే ప్రతి ఇంటి నుంచి ఆదివారం ఒక మనిషి రావాలె. చందా అడుగుడు లేదు. ఎవరు ఏ పని చేస్తే ఆ పని కాడ మిగిలిన సామాను, మేస్త్రీకి చెప్పి, తెచ్చుకోవాలె. ఒకరు సగం సిమెంటు సంచి తెస్తరు, ఒకరు డబ్బా అడుగున మిగిలిన రంగు తెస్తరు. అందుకే మన గదికి ఒక గోడ పసుపు, ఒక గోడ లేత నీలం. స్లాబు సెంట్రింగ్ నేను, ఇంకా ముగ్గురు కలిసి కొట్టినం. రేకులు మా మేస్త్రీ ఊరికెనే ఇచ్చిండు. సామ్యేలు మామ సుత్తి శ్యామలత్త నాకే ఇచ్చింది. దానితోనే కొట్టిన.

టైల్స్ కాడ మస్తు నవ్వినం. ఐలేష్ మేస్త్రీ టైల్స్ వేసెటోడు, నోరు ఊకుండదు. వచ్చిన టైల్స్ ఏదీ ఇంకో దానితో కలవదు. కొన్నిటి మీద పూలు, కొన్నిటి మీద చేపలు, ఒకదాని మీద చాయ్ కప్పు బొమ్మ.

“గిదేం గచ్చు రా బాబూ. బాత్రూము టైలు పక్కన దేవుని అర్ర టైలు పెట్టాల్నా? సచ్చినోడు లేసి కూసొని నన్ను తిడ్తడు.”

అట్ల తిట్టుకుంటనే, ఒక్క తీరు ఉన్న తెల్ల టైల్స్ అన్నీ ఏరి పక్కకు పెట్టిండు. మనిషిని పండబెట్టే జాగలో అవే వేసిండు. ఎవరూ చెప్పలేదు ఆయనకు.

ఒక లొల్లి కూడా అయింది. నడుమ అరుగు కట్టుదాం అన్నరు. తల దక్షిణం దిక్కు ఉండాలని మనోళ్లు, వాకిలి దిక్కు కాళ్లు ఉండాలని చర్చి వాళ్లు. ఇటుకలు పట్టుకొని అట్లనే నిలబడ్డరు, పని ఆగిపోయింది. శ్యామలత్త ఇసుక చాటతో ఎత్తుతుండె. చాట కింద పెట్టకుండనే చెప్పింది. “అరుగు ఎందుకు, బల్ల పెట్టుండ్రి. ఎవల మనిషిని వాళ్లు ఎటు కావాలంటే అటు తిప్పుకుంటరు.” అయిపోయింది లొల్లి. దేవుడి పటాల సంగతి కూడా అట్లనే తెగింది. గోడకు ఒక్క మేకు కొట్టి వదిలేసినం.

శ్యామలత్త అప్పటికే మన ముందు పోర్షన్ ఖాళీ చేసింది కదా, బడంగ్‌పేట్‌లో తమ్ముని ఇంటి పక్కన చిన్న రూము తీసుకుంది. అయినా ప్రతి ఆదివారం బస్సు ఎక్కి వచ్చేది. నా కోసం డబ్బాలో కోడిగుడ్డు పొరటు వేరే తెచ్చేది. తిను, సన్నబడ్డవ్, మీ అమ్మ నన్ను తిడుతది అనేది. వేడి ఉంది అని చెప్పి పక్కన పెట్టేటోన్ని.

పక్క ప్లాట్ల వాళ్లు కూడా ఒకసారి కారులో వచ్చిన్రు. ఇక్కడ శవాల గది కడితే మా ప్లాట్లు ఎవరు కొంటరు అని దిగకుండనే అడిగిన్రు. పరమేశ్వర్ అన్న సిమెంటు చేతులు కడుక్కొని పోయి, మీకు మీ ఇల్లు ఉంది సారు, మాకు ఒక పూట జాగ కావాలె అన్నడు. మళ్లా రాలేదు వాళ్లు.

ఇప్పుడు లోపల బల్ల ఉంది, ఐసు పెట్టెకు పెద్ద ప్లగ్గు ఉంది, బయట స్నానం చేయించే గచ్చు, నల్లా, ఆడోళ్లకు చాటుగ ఒక గోడ ఉంది. కిరాయి ఇంట్లో దినాలు కూడా చెయ్యనియ్యరు కదా, వంట చేసుకునేటందుకు రేకుల పంచ దించినం. పేరు ఏం రాయాలె అంటే ఎవరికీ తోచలేదు. నాయనమ్మను ఒకరోజు ఆటోలో తీసుకపోయి చూపించిన. అంతా తిరిగి చూసి, కిరాయి ఎంతంట అని అడిగింది. కిరాయి లేదు అని చెవిలో గట్టిగ చెప్పిన. ఆమె నమ్మలేదు. ఇంటికి వచ్చి గల్లీలో అందరికీ, అటు దిక్కు కిరాయి లేని గది ఉన్నదంట, మీరు గూడ చూస్కోండ్రి అని చెప్పుకుంట కూర్చుంది. అదే పేరు పడ్డది. ఇంకా ఎవరికీ ఆ గది అవసరం పడలేదు. పడొద్దనే అందరూ అనుకుంటున్నరు.

పోయిన ఆదివారం తలుపు బిగించినం, తాళం వేసినం. చెవి ఎవరి దగ్గర ఉండాలె అన్న మాట వచ్చింది. ఏ రాత్రి ఎవరు వచ్చి అడిగినా లేసి తియ్యాలె కదా. పరమేశ్వర్ అన్న ఆటో మీద ఎక్కడెక్కడో తిరుగుతడు. అప్పుడు శ్యామలత్త అన్నది.

“హరీశ్‌కు ఇయ్యుండ్రి. ఆయన మీద ఆఖరి దాంక ఫ్లెక్సీ పట్టుకొని నిలవడ్డది గా పిలగాడొక్కడే.”

అందరూ అవ్ అన్నరు. ఐలేష్ మేస్త్రీ చప్పట్లు కొట్టిండు. పరమేశ్వర్ అన్న చెవి నా ముందర పట్టుకున్నడు. నేను చెయ్యి చాపలేదు. “నాకు వద్దన్నా” అని ఒక్క మాట అని బయటకు వచ్చేసిన. సిగ్గుపడుతున్నడు అనుకొని నవ్విన్రు.

సిగ్గు కాదమ్మా. ఆ రోజు మన గేటుకు తాళం వేసింది ఓనర్ సారు కాదు. నేను.

అంబులెన్స్ వస్తుందని ఆయనకు ఎవరు చెప్పిన్రో, నాకు ఫోన్ చేసిండు. మీటరు డబ్బాలో కొత్త తాళం ఉంది, గేటుకు వెయ్యి, నేనే వచ్చి వేసిన అని చెప్త, నీ పేరు బయటకు రాదు అన్నడు. నేను సారు, సారు అంటున్న. “ఎయ్యకుంటే మీ ముసల్దాన్ని తీస్కొని నువ్వు గూడ ఇయ్యాలనే ఇల్లు చూస్కో” అన్నడు. నాయనమ్మ అన్నం తిని లోపల పండుకుంది. ఆమెను నడిపించుకొని ఎక్కడికి పోవాలె అనుకున్న.

అప్పుడే నీకు మెసేజ్ పెట్టిన. నీ ఫోన్‌లో ఉంటది, వెనక్కి పోయి చూడు. ఓనర్ సారు ఒక పని చెప్పిండు, చెయ్యబుద్ధి అయితలేదు, ఏం చెయ్యాలె అని రాసిన. అంతే రాసిన. ఏం పనో రాయలేదు. సామ్యేలు మామ పోయిండని కూడా రాయలేదు. రాస్తే నువ్వు వద్దంటవేమో, అప్పుడు సారుకు ఎట్ల చెప్పాలె అని భయం. నువ్వు వెంటనే రాసినవ్. “సారు చెప్పినట్టు చెయ్ బిడ్డ, ఎదురు చెప్పకు, మనకు వేరే దిక్కు లేదు” అని. సాయంత్రం ఏం పని అది అని అడిగితే, సంపు కడుగుడు అని అబద్ధం చెప్పిన.

తాళం వేసి, వెనక సంపు కాడికి పోయి, నల్లా మొత్తం తిప్పి కూర్చున్న. ఏం వినపడొద్దని. అయినా వినపడింది. శ్యామలత్త గేటు పట్టుకొని పిలిచింది. “హరీశా, లోపట ఉన్నవా బిడ్డా? జర సారుకు ఫోన్ చెయ్యి.” నేనే వేసిన అని ఆమెకు అనుమానమే లేదు. నేను పలకలేదు. తర్వాత వెనక గోడ దూకి, గల్లీ తిరిగి, పని నుంచి వస్తున్నట్టు వచ్చి ఫ్లెక్సీ మూల పట్టుకున్న. చెవి నా ప్యాంటు జేబులో ఉంది. చేతులు గుంజుతుంటే ఇంకా గుంజనీ అనుకున్న. నేను మంచోన్నయి నిలబడలేదమ్మా.

అందుకే ఆదివారం ఆమె ఇంటికి పోతుంటే బస్టాండు దాకా వెనక ఉరికిన. ఆమె సిమెంటు బల్ల మీద కూర్చుంది. నన్ను చూసి, డబ్బా మరిచిపోయిన్నా అన్నది. నేను “అత్తా, తాళం నేనే వేసిన” అన్న.

“ఏసినవా, మంచిది. చెవి పైలం మరి.”

“గదికి కాదత్తా. ఆ రోజు. మన గేటుకు.”

బస్సు వచ్చింది, ఆమె ఎక్కే బస్సే. లేవలేదు. అది పోయింది. ఆమె చీర మీద సున్నం మరకలు గోటితో గీకుకుంట కూర్చుంది.

“నేను పిలిచిన గదరా.”

“ఇన్నత్తా.”

“ఇన్నవా” అన్నది. తర్వాత, “మీ అమ్మకు ఎరుకేనా?” అన్నది.

ఇక్కడ నేను ఎరుక లేదు అనాలె. ఆ మాటే అందామనుకున్న. కానీ ఆమె ముఖం చూస్తే, తప్పు మొత్తం నా ఒక్కని మీదనే పడ్డట్టు ఉన్నది. నోట్లో నుంచి ఇంకోటి వచ్చింది.

“అమ్మనే సారు చెప్పినట్టు చెయ్యమన్నది.”

ఆమె నా దిక్కు చూసుడు ఆపింది. “యాదలక్ష్మినా” అని నీ పేరు పెట్టి అడిగింది. నేను తల ఊపిన. ఇంకో బస్సు వచ్చింది. లేసి కొంగు దులుపుకున్నది. “నువ్వు పిలగానివి, బుగులు పడ్డవ్. ఆమెకేమైంది, పెద్ద మనిషి” అన్నది. మెట్టు ఎక్కినంక వెనక్కి తిరిగి, “చెవి తీస్కో. ఈపాలి ఎవలన్న పిలిస్తే పలుకు” అన్నది. బస్సు వెంటనే పోలేదమ్మా. కండక్టరు దిగి చాయ్ తాగిండు. నేను ఎక్కి, అమ్మకు తెలియదు, నేను సగమే అడిగిన అని చెప్పొచ్చు. కిందనే నిలబడ్డ. బస్సు పోయేదాకా అట్లనే నిలబడ్డ.

ఆమె ఫోన్ ఎత్తుతలేనిది అందుకే. నా మీద కోపం లేదు. నిన్న నాకు ఫోన్ చేసి తిన్నవా అని అడిగింది, నాయనమ్మ గోలీలు అడిగింది. నీ పేరు ఎత్తలేదు. నువ్వు విమానం ఎక్కే రోజు నీ పెట్టెకు తాడు కట్టి, నీ కన్నా ఎక్కువ ఏడ్చిన మనిషి ఆమె. నేను చేసింది నీ నెత్తిన పెట్టి, ఆమెను నీకు లేకుండ చేసిన.

రేపు పనికి పోకుండ బడంగ్‌పేట్ పోత. ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్త, గల్లీలో అందరికీ కూడా చెప్త. చెవి ఇస్తరో ఇయ్యరో వాళ్ల ఇష్టం. ఓనర్ సారు వెళ్లగొడితే ఎక్కడన్నా రూము దొరుకుతది, పరమేశ్వర్ అన్నను అడుగుత. కానీ శ్యామలత్త సంగతి నీకు తెలుసు కదా. మీ అమ్మకు తెలియదు సరే, తెలిస్తే ఏమనేది రా అని అడుగుతది. పొద్దటి నుంచి రేకులు బిగించుకుంట నేను అదే అనుకుంటున్న. ఒకసారి, గేటు తియ్యి బిడ్డా అంటవ్ అనిపిస్తది. ఇంకోసారి, నాయనమ్మను పెట్టుకొని ఎక్కడికి పోతవ్, వెయ్యి అంటవ్ అనిపిస్తది. ఏదైనా నాకు నీ మీద కోపం రాదు. నా మనసుకు మంచిగ ఉండాలని మాత్రం రాయకు. సామ్యేలు మామను తెస్తున్నరు, సారు గేటుకు తాళం వెయ్యమంటుండు అని ఆ రోజు నేను మొత్తం రాసి అడిగి ఉంటే, నువ్వు ఏం చెయ్యమనేదానివమ్మా?

ఇట్లు,
నీ చిన్నోడు
హరీశ్